కొత్త డేరాకు ఎనిమిది బిందెలు

మా డ్రైవరన్న పోయాడు. పోయిన ఆదివారం కోడుమూరు నుంచి ఆయన కూతురు ఫోను చేసి చెప్పింది. తొంభై దాటిన మనిషి, పొద్దున కాఫీ తాగి వసారాలో కుర్చీలో కూర్చుని, అట్లాగే వెళ్ళిపోయాడట. ఇంతకన్నా మంచి చావేం కావాలమ్మా అని ఆ అమ్మాయే నన్ను ఓదార్చింది. నిజమే. కానీ ఫోను పెట్టేశాక చాలాసేపు నాకు ఏ పనీ తోచలేదు. ఉద్యోగం కొత్తలో నేను చేసిన తప్పొకటి ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు నా ఒక్కదానికే తెలుసు. ఆ బరువు ఒంటరిగా మోయడం నావల్ల కాక ఇది రాస్తున్నాను.

పంతొమ్మిది వందల యాభైలలో నేను కడప నుంచి కర్నూలుకు నర్సు ఉద్యోగానికి వచ్చాను. ఊరూరా తిరిగి కంటి శుక్లాలు తీసే బృందంలో వేశారు. బృందమంటే పెద్ద మాటే. డాక్టరు గారు, నేను, డ్రైవరన్న, అంతే. మిలిటరీ వాళ్ళు అమ్మేసిన పాత జీపు, దాని వెనక ఒక ట్రెయిలరు. ట్రెయిలరు పక్క తలుపు దించి, దానికి కుట్టిన కాన్వాసు డేరాను లాగి నాలుగు గుంజలు పాతితే అదే మా వార్డు. ఆరు మంచాలు పట్టేవి.

డ్రైవరన్న యుద్ధంలో బర్మా పోయి వచ్చినవాడు. మూడేళ్ళు అక్కడి వానల్లో డేరాల కింద బతికాడు. మా కర్నూలు జిల్లాలో వాన సంగతి అంత బాగా తెలిసినవాడు ఇంకొకడు లేడని నేను ఎగతాళి చేసేదాన్ని. ఖాకీ చొక్కా జేబులో ఎప్పుడూ ఒక దబ్బనం, ఒక తేనెమైనం ముద్ద. డేరా మడిచేటప్పుడు చెప్పుల కాళ్ళతో ఎవరినీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. గుడికైనా నేనంత భయంగా పోయింది లేదు. డేరా నిలబెట్టాక ఆరు మంచాల మీదా వరసగా పడుకుని, పైకి చూసి, ఒక్కొక్క కుట్టూ పరీక్ష చేసేవాడు. కళ్ళకు కట్లు కట్టుకున్నవాళ్ళు పైకేం చూస్తారన్నా అని ఒకసారి నవ్వాను.

“వాళ్ళు చూడలేరు గాబట్టే మనం చూడల్ల సిస్టరమ్మా” అన్నాడు. ఆ మాటను తర్వాత ముప్పై ఏళ్ళ పాటు నా కింద పనిచేసిన ప్రతి నర్సుకూ నా సొంత మాటలాగా చెప్పుకుంటూ వచ్చాను. ఆయనదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

నేను చేరిన ఏడాదే పాత డేరాను చెదలు తినేస్తే, కొత్త డేరా ఇచ్చారు. దాన్ని మొదటిసారి విప్పింది కోసిగి పక్కన ఒక ఊళ్ళో. రెండేళ్ళుగా అక్కడ వాన లేదు. సగం ఊరు కూలికి వలస పోయింది. మిగిలిన ఆడవాళ్ళు ఎండిన వంక ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళు గిన్నెతో తోడి, రెండు మైళ్ళు మోసుకొచ్చి మాకిచ్చేవాళ్ళు. ఆ నీళ్ళకు కాపలాదారును నేను. కత్తులు మరిగించడానికి ఇన్ని, తాగడానికి ఇన్ని అని బిందెల మీద మూతలు పెట్టి కూర్చునేదాన్ని.

డ్రైవరన్న వచ్చి ఎనిమిది బిందెలు కావాలన్నాడు. ఎందుకంటే, డేరా మీద పోయడానికట.

“కొత్త గుడ్డకు ముందు దాహం తీర్చల్ల. ఒకసారి తడిసి ఆరితే నూలు ఉబ్బి సందులు మూసుకుంటాయి. లేకుంటే తొలి వానకే కారుతాది” అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. మనుషులకే లేవు, గుడ్డకు యాడ తెచ్చేదన్నా అన్నాను. ఈ ఊరికి వాన ఎప్పుడొచ్చేను, నీ డేరా ఎప్పుడు తడిసేను అని కూడా అన్నాను. ఆ మాట నీళ్ళు మోసుకొచ్చిన ఆడవాళ్ళ ముందరే అన్నాను. ఆయన బిందెల వైపు ఒకసారి చూసి, పోయి గుంజలు పాతుకున్నాడు.

ఆరుగురికి ఆపరేషన్లయ్యాయి. ఆ రోజుల్లో శుక్లం తీశాక వారం రోజులు తల కదపకూడదు. రెండు కళ్ళకూ కట్టు కట్టి, తలకు అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టేవాళ్ళం. కుదుపు తగిలినా, కట్టు తడిసి చీము పట్టినా కన్ను పోయినట్టే. మూడో రోజు మధ్యాహ్నం డాక్టరు గారు బడిగదిలో రోగులను చూస్తుండగా పడమటి దిక్కు నల్లబడింది. నేను నమ్మలేదు. అరగంటలో డేరా మీద వాన దబదబా పడింది.

మొదట కుట్ల వెంబడి కారింది. డ్రైవరన్న పరుగెత్తుకొచ్చి బ్యాండేజీ గుడ్డను పీలికలుగా చించమన్నాడు. కారేచోట దబ్బనంతో ఒక్క కుట్టు వేసి, పీలిక కట్టి, దాని కొసను పక్కనున్న బేసినులోకి దించాడు. నీళ్ళు చప్పుడు లేకుండా ఆ పీలిక వెంబడే దిగిపోయాయి. నన్నూ అట్లా చేయమని, గుడ్డను మాత్రం చేత్తో ముట్టుకోవద్దని చెప్పాడు. తడిసిన కాన్వాసును లోపలి నుంచి ముట్టుకుంటే ముట్టుకున్న చోటల్లా కారుతుందట.

ఆ సంగతి ఆఖరి మంచం మీది తాతకు తెలియదు. ఆయన రైతు. కళ్ళు పోయి మూడేళ్ళు, వాన చప్పుడు విని రెండేళ్ళు. డేరా వాలు ఆయన మంచం మీదకు దిగి ఉంది. తాత చెయ్యి పైకెత్తి, అరచెయ్యంతా డేరాకు ఆనించి, వానను తడుముకున్నాడు. ఆ అరచేతి మేరా నీళ్ళు బొట్లు బొట్లుగా దిగబడ్డాయి. అక్కడ కుట్టు లేదు, పీలిక కట్టడానికి ఆధారం లేదు. మంచం జరపడానికి జాగా లేదు. కట్టుకు జానెడు దూరంలో దిండు తడుస్తోంది. అది చాలదన్నట్టు ఆయన లేవబోయాడు.

డ్రైవరన్న ఒక్క అంగలో పోయి, మంచం తలాపున మోకాళ్ళ మీద కూర్చుని, ఆ తలను రెండు చేతులతో పట్టుకుని, ముఖం మీదకు వంగాడు. బొట్లన్నీ డ్రైవరన్న మెడ మీద పడసాగాయి.

“పదునైందా? ఎవరన్నా చెప్పండప్పా. చూడకుండా నేను పండుకోలేను” అని తాత పెనుగులాడాడు. పదును అంటే విత్తనం వేయడానికి సరిపడా తడి నేలలోకి దిగడం. పట్నంలో పెరిగిన నాకు అప్పటికి ఆ మాటే తెలియదు.

“సిస్టరమ్మా, నువ్వు పో. చేన్లో ఎండు మట్టి తగిలేదాకా తవ్వి, లోపలి తడిమట్టి ఎత్తుకొనిరా” అన్నాడు డ్రైవరన్న.

తెల్లచీరతో ఆ వానలోకి పోయాను. రోజూ పదిసార్లు సబ్బుతో కడుక్కునే చేతులతో నల్లరేగడిని తవ్వాను. జానెడు లోతు పోయేదాకా ఎండు మట్టి తగల్లేదు. వానలో ఏడ్చింది ఎవరికీ కనబడదని ధైర్యంగా ఏడ్చాను. నా ఎనిమిది బిందెల పిసినారితనానికి ఒక మనిషి కన్ను పోబోతోందని ఏడ్చాను.

మట్టి తెచ్చి తాత చేతిలో పెట్టాను. ఆయన పిడికిలి బిగించి, వదిలి, వేళ్ళతో తడిమి చూశాడు. అది విడిపోకుండా ఉండలాగా నిలిచింది.

“జానెడుండాదా?” అని అడిగాడు. ఉందన్నాను.

“పదునైంది” అన్నాడు. అంతే, ఆ మనిషి ఒళ్ళంతా సడలిపోయింది. మట్టి చెయ్యి కంటి మీదకు పోకుండా నేను ఆ పిడికిలిని పట్టుకుని కూర్చున్నాను. డ్రైవరన్న తల పట్టుకునే ఉన్నాడు. దీపాలు పెట్టేవేళకు వాన వెలిసేదాకా ముగ్గురం అట్లాగే ఉన్నాం. ఏ చేన్లో ఏం వేయాలో తాత చెబుతూ పోయాడు, డ్రైవరన్న ఊ కొడుతూ పోయాడు.

నీళ్ళు ఇవ్వనన్నది నేనేనని డాక్టరు గారికి చెప్పేస్తానని మర్నాడు డ్రైవరన్నతో అన్నాను. ఆయన డేరా కుట్లకు మైనం రుద్దుతూ తల తిప్పకుండానే, “కొత్త గుడ్డ, కారింది అని డాక్టరుకు నేను చెప్పేసినా. అదీ నిజమే గదా. ఆ నీళ్ళు మోసిన ఆడోళ్ళను నువ్వు చూసినావు, నేనూ చూసినా. అందుకే మళ్ళా అడగలేదు” అన్నాడు. తర్వాత ఇన్నేళ్ళలో ఒక్కనాడు కూడా ఆ ఊసు ఎత్తలేదు. నేను పెద్ద నర్సునయ్యాక నా ముందు కుర్చీలో కూర్చున్నప్పుడు కూడా ఎత్తలేదు. కోపంలో ఒక్కమాట అనకుండా ఉండలేని నాలాంటి దానికి, అదెంత కష్టమో బాగా తెలుసు.

ఎనిమిదో నాడు కట్లు విప్పారు. తాత కన్ను తేటగా ఉంది. ఎక్కడా చీము లేదు. నేను ట్రెయిలరుకు ఆనుకుని నిలబడ్డాను. డాక్టరు గారు దళసరి కళ్ళద్దాలు పెట్టి, వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగారు. తాత మూడని విసుగ్గా చెప్పి, “నా తలకాయ పట్టుకున్న ఆయప్ప యాడుండాడు?” అన్నాడు.

జీపు కింద దూరి మరమ్మతు చేసుకుంటున్న డ్రైవరన్నను పిలుచుకొచ్చాను. తాత ఆయన ముఖం వైపు చూశాడు. ఆనవాలు పట్టలేదు. మళ్ళీ కళ్ళు మూసుకుని, ఆయన చేతులు రెండూ అందుకుని, తన చెంపలకు అటూ ఇటూ ఆనించుకున్నాడు. అవునన్నట్టు తల ఊపాడు. అప్పుడు కళ్ళు తెరిచి, అద్దాలు సరిచేసుకుని, ఆ చేతుల్ని దగ్గరికి తెచ్చుకుని, అరచేతులొకసారి, మీది వైపొకసారి తిప్పి తిప్పి చూడసాగాడు. గ్రీజు అంటిందని డ్రైవరన్న సిగ్గుపడుతున్నాడు గానీ, చేతులు మాత్రం వెనక్కి తీసుకోలేదు.