గాలికి నూనె పోసే లింగవ్వ

ఎడపల్లి చుట్టుపక్కల ఎండాకాలంలో బావులు లోతు చేయించుకున్న రైతులకు లింగవ్వ తెలియకుండా ఉండదు. రాజారాం కంప్రెషర్ ట్రాక్టరు ఏ చెరుకు తోటలో ఆగినా, తలకు తువ్వాల చుట్టుకుని నూనె డబ్బా పట్టుకున్న ఆడమనిషి ఒకామె బావి ఒడ్డున కనిపించేది. నలభై ఆరేళ్లుంటాయి. మొగవాళ్లు బావిలోకి దిగి గాలి మిషన్‌తో బండకు రంధ్రాలు వేసేవారు. పైన ట్రాక్టరు గాలిని కుక్కి పంపితే, పొడుగాటి రబ్బరు పైపులో ఆ గాలి కిందికి పోయి మిషన్‌లోని సుత్తిని ఆడించేది. ఆ సుత్తి అరిగిపోకుండా చూడటం లింగవ్వ పని.

ఆమె చదువుకున్నది నాలుగో తరగతి. ఈ విద్య నేర్పింది భర్త లింబయ్య. అతను చక్కెర ఫ్యాక్టరీలో పందొమ్మిదేళ్లు మిషన్లకు నూనె పోశాడు. ఫ్యాక్టరీ మూతబడ్డాక కొన్నాళ్లు గేటు ముందు ధర్నా టెంటులో కూర్చున్నాడు, కొన్నాళ్లు ఇంట్లో కూర్చున్నాడు, చివరికి రాజారాం దగ్గర డ్రిల్లు మిషన్ పట్టాడు. అప్పటిదాకా బీడీలు చుట్టిన లింగవ్వ అతని వెంట బయలుదేరింది. ఒక్కగానొక్క కూతురు సుష్మను కమ్మర్‌పల్లి ఇచ్చారు కాబట్టి ఇంట్లో ఎదురుచూసేవాళ్లు ఎవరూ లేరు.

పైపు మధ్యలో, బావి ఒడ్డున, పిడికెడంత ఇనప డబ్బా ఒకటి ఉండేది. అందులో నూనె పోస్తే, పక్కనుంచి దూసుకుపోయే గాలి కొంచెం కొంచెంగా దాన్ని పీల్చుకుని మిషన్‌కు చేరవేసేది. గంటకోసారి నింపాలి. పొద్దున గాలి ట్యాంకు అడుగున చేరిన నీళ్లు వదిలేయాలి, లేకపోతే ఆ తడి నూనెను కడిగేస్తుంది. మిషన్‌ను బావిలోకి దింపేముందు నడిపించి, దానిలోంచి గాలి బయటికి వచ్చే బొక్క ముందు లింగవ్వ తన ముంజేయి పెట్టేది. చర్మం మీద సన్నగా జిడ్డు కనిపిస్తే సరిపోయినట్టు. చుక్కలు పడితే ఎక్కువైనట్టు. పొడిగా, చురుక్కుమని తగిలితే మిషన్ ఆకలితో ఉన్నట్టు. ఇవన్నీ లింబయ్య ఒకేసారి చెప్పలేదు. తిడుతూ, విసుక్కుంటూ, రెండు ఎండాకాలాల్లో చెప్పాడు.

ఒక ఏడాది మంజీర దగ్గర కూడా నీళ్లు దిగిపోయాయి. రామ్‌దాస్ అనే రైతు మూడెకరాల చెరుకు నిలువునా ఎండుతుంటే, యాభై అడుగుల బావిని ఇంకో పది అడుగులు దింపమని రాజారాంను తీసుకొచ్చాడు. నాలుగో రోజు పగటిపూట, అన్నాలు తినడానికి ఇంకా గంట ఉందనగా, అడుగున లింబయ్య మిషన్ పట్టి ఉన్నాడు. అతనికి తోడు దిగిన విష్ణు అవతలి మూలలో, రాళ్లు పైకి లాగే చిన్న క్రేన్ తట్టలోకి రాళ్లు ఎత్తుతున్నాడు. లింగవ్వ నూనె పోయడానికి ఒంగింది.

ముందు ఇంత మట్టి జారింది. ఆ వెనకే తూర్పు పక్క గోడ నుంచి మంచమంత బండ ఊడి, అంచులో ఉన్న రాళ్లను ఊడ్చుకుంటూ కిందికి పోయింది. ఒడ్డున పెట్టిన నూనె క్యాను దానితోనే పోయింది. లింగవ్వ వెనక్కి పడింది కాబట్టి బతికింది.

దుమ్ము తగ్గాక విష్ణు గొంతు వినిపించింది. అతనికి భుజం గీరుకుపోయింది, అంతే. లింబయ్య గోడకు ఆనుకుని కూలబడి ఉన్నాడు. బండ ఒక కొస అతని కుడి తొడ మీద, రెండో కొస ఎదుటి గోడ మెట్టులో ఇరుక్కుని ఉంది. బండ ఊడిన చోటినుంచి నీళ్లు వస్తున్నాయి. నాలుగు రోజులుగా అందరూ ఏ నీళ్ల కోసం చూస్తున్నారో అవే, వేలు లావు ధారగా, తెల్లగా.

రామ్‌దాస్ అందరికీ ఫోన్లు చేశాడు. బోధన్ నుంచి ఫైరింజన్ బయలుదేరిందన్నారు. జేసీబీ ఊళ్లోనే ఉంది కానీ, దాన్ని ఒడ్డుకు తెస్తే ఆ బరువుకు మిగతా గోడ కూడా కూలుతుందని రాజారాం వద్దన్నాడు. నీళ్లు తోడే మోటారు రాళ్ల కింద నలిగిపోయింది. క్రేన్ గొలుసు బండకు వేసి లాగితే అది ఇంకా బిగుసుకుంది. కింద లింబయ్య అరిచిన అరుపుకు రాజారాం గొలుసు వదిలేశాడు. ఇక బండను అక్కడే పగలగొట్టాలి. వేరే దారి లేదు.

పైపుతో పాటు కిందికి పడిన ఇనప నూనె డబ్బా బండ దెబ్బకు చితికిపోయింది. విష్ణు దాన్ని తీసి పారేసి, పైపును సూటిగా మిషన్‌కు బిగించి గాలి వదలమని కేకేశాడు. మిషన్ మోగింది. పైన లింగవ్వ ఆ మోతను గుర్తుపట్టింది. అది నూనె అందని ఎండు మోత. ఆపమని ఆమె అరిచింది కానీ ట్రాక్టరు చప్పుడులో కింద విష్ణుకు గానీ, పైన రాజారాంకు గానీ వినపడలేదు. ఒక రంధ్రం సగం దిగిందో లేదో, మిషన్ కీచుమని మూలిగి ఆగిపోయింది. మళ్లీ ఎన్నిసార్లు గాలి వదిలినా కదల్లేదు. విష్ణు దాన్ని రాయితో కొట్టాడు, కాలితో తన్నాడు, చివరికి దాన్నే పట్టుకుని ఏడ్చాడు.

రాజారాం ట్రాక్టరు దగ్గరికి పరుగెత్తి డీజిలు పట్టుకొచ్చాడు. లింగవ్వ అతని చేతిలోని డబ్బాను పట్టుకుంది.

“డీజిల్ వద్దు రాజారాం అన్న. ఆ వేడి గాలిల అది అంటుకుంటది. ఫ్యాక్టరీల గట్లనే పైపు పేలిందని సుష్మ బాపు చెప్పిండు.”

“మరి నూనె యాడుందే? క్యాను బాయిల పాయె.”

ఇంజన్‌లోంచి తీసిన నల్ల నూనె ఉంది కానీ, దాని మసికి మిషన్ ఇంకా గట్టిగా పట్టేస్తుంది. వంటనూనె తెద్దామంటే ఊరు రెండు కిలోమీటర్లు. లింగవ్వ చుట్టూ చూసింది. రాళ్లు మోయడానికి తెచ్చిన రామ్‌దాస్ ట్రాలీ చెట్టు పక్కన నిలబడి ఉంది. ట్రాలీని పైకి లేపే జాకీలో ఉండేది పల్చటి శుభ్రమైన నూనె. ఆమె పానా తీసుకుని జాకీ పైపు విప్పింది. ఎర్రటి నూనె మోచేతి మీదుగా కారింది. వేళ్ల మధ్య రుద్ది, ఎండకు పెట్టి చూసి, లీటరు నీళ్ల సీసా ఒంపేసి దాని నిండా పట్టింది. ఆ తర్వాత ఎవరినీ అడగకుండా క్రేన్ తట్టలో నిలబడింది.

ఆమె దిగేసరికి నీళ్లు లింబయ్య ఛాతీ దాకా వచ్చాయి. అతని ముఖం బూడిద రంగులో ఉంది. ఎందుకు వచ్చావని అడగలేదు. కళ్లు ఆమె చేతిలోని సీసా మీద ఆగాయి.

“ఎక్కడిది?”

“ట్రాలీ జాకీది.”

“పనిచేస్తది,” అని కళ్లు మూసుకున్నాడు.

లింగవ్వ పైపు విప్పించి, మిషన్‌ను బండ మీద నిలబెట్టి, గాలి పోయే మూతిలో రెండు మూతల నూనె పోసింది. మిషన్ కొసన బండను తొలిచే ఉలిని పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. కదల్లేదు. ఇంకో మూత పోసి, చీరకొంగు చుట్టుకుని మళ్లీ తిప్పింది. అరచేయి చీరుకుపోయింది. మూడోసారికి లోపల ఏదో గింజంత కదిలింది. గాలి కొంచెమే వదలమని పైకి చెప్పించింది. మిషన్ ఒకసారి దగ్గింది. నల్లటి జిగట ఉమ్మింది. మళ్లీ దగ్గి, ఆగి, ఆ తర్వాత ఒక్కసారిగా ఆడటం మొదలుపెట్టింది. విష్ణు రంధ్రం మీద ఉలి పెట్టాడు.

మిషన్ నడుస్తున్నంతసేపూ లింగవ్వ భర్త గడ్డం కింద చేయి పెట్టి అతని తలను పైకి ఎత్తి పట్టుకుంది. నీళ్లు మెడకు వచ్చాయి. నూనె డబ్బా లేదు కాబట్టి పోసిన నూనె కొద్దిసేపే ఉంటుంది. ఆమె రెండో చేతిని గాలి వచ్చే బొక్క ముందు పెట్టింది. జిడ్డు తగిలినంతసేపు ఊరుకుంది. చర్మం పొడిబారగానే గాలి ఆపమంది. భర్త తల వదిలింది. పైపు విప్పించి రెండు మూతలు పోసి బిగించింది. మళ్లీ వచ్చి తల పట్టుకుంది.

మొదటి రంధ్రం అయింది. రెండోది అయింది. మూడోది సగంలో ఉండగా చేతికి మళ్లీ పొడి గాలి తగిలింది. అప్పటికి నీళ్లు లింబయ్య కింది పెదవిని తాకుతున్నాయి. ఆమె చేయి తీస్తే అతని నోరు మునుగుతుంది.

“ఆపు విష్ణు,” అన్నది.

విష్ణు ఆపలేదు. “వదినె, నీళ్లు నోట్లెకు పోతున్నయి. జానెడే ఉన్నది. గిట్లనే కానిస్త.”

“ఆపుమన్న. మల్ల పట్టేసిందంటే ఇగ లేవది. జానెడు గాదు, బెత్తెడు గూడ దిగది.”

విష్ణు లింబయ్య వైపు చూశాడు. లింబయ్య మాట్లాడే స్థితిలో లేడు. తల ఒక్కసారి ఊపాడు. అది భార్య మాటకు ఒప్పుకోవడమో, ఆశ వదులుకోవడమో విష్ణుకు తెలియలేదు. గాలి ఆగింది. లింబయ్య మెడ సాచగలిగినంత సాచి, ముక్కు పైకెత్తి, పెదాలు బిగబట్టాడు. లింగవ్వ అటు చూడలేదు. పైపు విప్పి, మూత నింపి, పోసి, ఇంకో మూత నింపి, పోసి, బిగించింది. ఎన్నో ఏళ్లుగా రోజూ చేసిన పనే. ఆ రోజు అది ఎంతసేపు పట్టిందో ఆమె ఎవరికీ చెప్పలేకపోయింది. తిరిగి వచ్చేసరికి అతని ముక్కులోంచి నీళ్లు, బుడగలు వస్తున్నాయి. రెండు చేతులతో తలను ఎత్తింది. అతను దగ్గి దగ్గి నీళ్లు కక్కాడు. వెనక మిషన్ మెత్తగా, ఆగకుండా దిగుతోంది.

మూడు రంధ్రాల్లో ఇనప చీలలు పెట్టి విష్ణు సమ్మెటతో కొట్టాడు. లింగవ్వ లెక్కపెట్టలేదు కానీ పైన ఉన్న రామ్‌దాస్ పదిహేడు దెబ్బలన్నాడు. బండ అడ్డంగా చీలింది. తొడ మీది ముక్కను ముగ్గురూ పక్కకు దొర్లించారు. ముగ్గురంటే లింబయ్య కూడా చేతులతో తోశాడు. అతన్ని తట్టలో కట్టి పైకి లాగుతుంటే ఫైరింజన్ తోటలోకి వచ్చింది.

బోధన్‌లో కట్టు కట్టి నిజామాబాద్ పంపించారు. అక్కడ మూడు రోజులు చూసి, కాలు మోకాలి పైన తీసేశారు.

ఊళ్లో అందరూ లింగవ్వను మెచ్చుకున్నారు. ఆసుపత్రికి వచ్చిన విష్ణు ఆమె కాళ్లకు దండం పెట్టబోయాడు. లింబయ్య మాత్రం పన్నెండు రోజులు మాట్లాడలేదు. పదమూడో రోజు ఆమె అన్నం కలిపి పెడుతుంటే చేయి పక్కకు నెట్టాడు.

“ఎందుకు తీసినవే నన్ను? రెండు చేతులకు పని, రెండు కాళ్లకు పని ఉన్నోన్ని. గిప్పుడు నేనేం జేయాలె? గోడకు ఆనుకుని కూసునుడా? బాయిల గూడ గట్లనే కూసున్న కదా.”

లింగవ్వ లేచి నిలబడింది. ప్లేటు తీసుకుని వరండాలోకి వచ్చింది. ఆ అన్నం ఆమే తిన్నది, ఎందుకంటే పొద్దున్నుంచి ఏమీ తినలేదు. ఏడవలేదు. అతను అన్నది నిజమేనేమో అన్న ఆలోచన మాత్రం అప్పుడు పట్టుకుని, చాలా రోజులు వదల్లేదు.

రాజారాం ఇంకో ఇద్దరిని పెట్టుకుని కామారెడ్డి వైపు వెళ్లిపోయాడు. లింగవ్వ మళ్లీ బీడీల చాట ముందు కూర్చుంది. లింబయ్య మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. సుష్మ వచ్చి వారం ఉంటే ఆమెతోనూ మాట్లాడలేదు. ఒకరోజు లింగవ్వ ఇంట్లోని కల్లు సీసాలు, పురుగుల మందు డబ్బా తీసుకెళ్లి పక్కింట్లో దాచింది. ఎందుకని పక్కింటామె అడగలేదు.

గాయం చూపించడానికి లింగవ్వ అతన్ని నెలకోసారి కిరాయి కారులో పడుకోబెట్టి నిజామాబాద్ తీసుకెళ్లేది. నాలుగో నెల, లింబయ్యను ఆసుపత్రి లోపల కూర్చోబెట్టి టీ కోసం బయటికి వచ్చిన లింగవ్వ రోడ్డు అవతలి టైర్ల దుకాణం ముందు ఆగిపోయింది. లారీ చక్రం బోల్టులు విప్పే గాలి గన్ను కీచుమంటోంది. ఆ ఎండు మోత వినలేక దుకాణంలోకి నడిచింది. గన్ను ఆకలితో ఉన్నదని యజమాని రాజశేఖర్‌కు చెప్పింది. అతను మొదట ఈమె మనసు బాగాలేని మనిషి అనుకున్నాడు. కంప్రెషర్ ట్యాంకు కింద నాబ్ తిప్పి చూపించమని అడిగితే, పోనీలే అని తిప్పాడు. తుప్పు రంగు నీళ్లు బకెట్‌కు సగం వచ్చాయి. ఆమె గన్ను మూతిలో నాలుగు చుక్కల నూనె వేసి ఇచ్చింది. అంతసేపూ రాని బోల్టు వచ్చింది.

మూలన పట్టేసిన గన్నులు ఐదున్నాయని, అవి బాగుపడతాయా అని రాజశేఖర్ అడిగాడు. తనకు తెరవడం రాదని, తెరిచే మనిషి ఇంట్లో ఉన్నాడని లింగవ్వ చెప్పింది. ఒక గన్నును పాత గుడ్డలో చుట్టి తెచ్చి, ఏమీ చెప్పకుండా మంచం పక్క స్టూలు మీద పెట్టింది.

రెండు రోజులు అది అక్కడే ఉంది. మూడో రోజు ఆమె బీడీలు అప్పగించి వచ్చేసరికి, మంచం మీద పరిచిన పేపరు నిండా చిన్నచిన్న ముక్కలున్నాయి. లింబయ్య కళ్లద్దాలు ముక్కు కొసకు జారాయి. ఆమెను చూడలేదు.

“దీని లోపల తిరిగే రేకులు అరిగినయి. కొత్తయి కావాలె. గవి నువ్వు తెస్తే తప్పుడు సైజు తెస్తవు.”

“మరెట్ల?”

ఒక రేకును వేళ్ల మధ్య తిప్పుతూ, “నేను ఆటోల ఎక్కాలంటే ఎట్ల పట్టుకుంటరో చూడాలె,” అన్నాడు.

మర్నాడు ఎడపల్లి స్టాండులో నిజామాబాద్ పోయే షేరాటో నిండా మనుషులున్నారు. లింగవ్వ ముందు చంకకర్రలు లోపల పెట్టి, అతని నడుం చుట్టూ చేయి వేసి ఎత్తింది. మొదటిసారి కాలు జారింది. అతను ఆమెను తిట్టాడు. రెండోసారి ఎవరో లోపలినుంచి చేయి అందించారు. తక్కినవాళ్లు జరిగి చోటిచ్చారు.