సరైన మాట చెప్పిన మున్షీ సాబ్

పోయిన గురువారం మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉండగా మా మున్షీ సాబ్ పోయారని కబురు వచ్చింది. చెప్పినవాడు మా ఆఫీసు జవాను. బోయిగూడలో ఆయన ఇంటి వెనక సందులోనే ఉంటాడు. "మీ ముసలాయన పోయిండట సార్. నమాజుకు లేవబోయి గట్లనే పక్కకు ఒరిగిండట" అన్నాడు. ఆయన నాకు చుట్టం కారు, మాది ఒక మతమూ కాదు. అయినా ఆ "మీ ముసలాయన" అన్న మాటను నేను దిద్దలేదు. ముందున్న ఫైలు మూసి, చెప్పులు వేసుకుని బయలుదేరాను.

మీలో ఎవరైనా పదేళ్ల కిందట సికింద్రాబాద్ కోర్టుకు పని మీద వెళ్లి ఉంటే ఆయన్ను చూసే ఉంటారు. ఒక పెద్ద వకీల్ సాబ్ దగ్గర దావాలు, అర్జీలు రాసే గుమాస్తా. వరండాలో బెంచీ చివర, గోడకు వీపు ఆనించకుండా కూర్చునేవారు. రాస్తూ రాస్తూ కలం పాళీని కుడి చెవి పైన జుట్టుకు తుడుచుకునేవారు. తలంతా నెరిసినా ఆ ఒక్క చోట మాత్రం నల్లగా ఉండేది. వకీల్ సాబ్ ఉర్దూలోనే మాట్లాడేవారు, మున్షీ సాబ్‌ది మాత్రం మెదక్ దిక్కు తెలుగు. ఇంట్లో పెండ్లాంతో, పిల్లలతో కూడా తెలుగే. రాయడం మాత్రం ఉర్దూ. ఆ రాత చూసి జడ్జీలు కాగితాన్ని కాసేపు ఊరికే పట్టుకుని కూర్చునేవారని కోర్టులో చెప్పుకునేవాళ్లు.

ఎవరి అర్జీ రాసినా, రాయడం అయ్యాక మొత్తం తెలుగులో చదివి వినిపించేవారు. పల్లె నుంచి వచ్చినవాళ్లు రైలు పోతదని తొందర పడేవాళ్లు. ఆయన వేలిముద్రల సిరా డబ్బీని తన దగ్గరికి లాక్కునేవారు. "వినకుండ వేలు పెట్టకు. నువ్వు చెప్పింది గిదేనా కాదా, మంచిగ విను" అనేవారు. ఆయన నోట నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే.

మా నాయన రైల్వే గూడ్సు ఆఫీసులో పనిచేసేవాడు. రెండు ఇళ్లకు మధ్య ఒక్క గోడ. నాకు ఉర్దూ నేర్పింది మున్షీ సాబే. తప్పు రాస్తే తప్పని అనేవారు కాదు. ఆ పదం మీద బొటనవేలు పెట్టి "ఇప్పుడు చదువు" అనేవారు. ఆ పదం లేకుండా వాక్యం ఎక్కడ కుంటుతుందో నాకే తెలిసేది. అట్లా పదేళ్లు ఆయన వేలి కింద నేను ఉర్దూ చదువుకున్నాను.

నేను బి.ఏ. పాసైన ఎండాకాలం, అంటే దేశానికి స్వాతంత్య్రం వచ్చిన ఏడు, నాయన నన్ను వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాడు.

"మున్షీ సాబ్, వీడు లా చదువుతనంటుండు. మద్రాసుకు తోలాల్నా, ఇక్కడనే చేర్పియ్యాల్నా? నాకైతే ఏం సమజ్ అయితలేదు."

"రెండు రోజులు టైం ఇయ్యి భాయ్" అన్నారు ఆయన.

ఆ రెండు రోజులూ ఆయన ఊరికే కూర్చోలేదు. సెలవు పెట్టి నగరానికి వెళ్లి, ఉర్దూలో పాఠాలు చెప్పే లా కాలేజీలో విచారించారు. మద్రాసులో చదివి వచ్చిన వకీలు ఒకాయనను పట్టుకుని అన్నీ అడిగారు. మూడో రోజు పొద్దున మా ఇంటికి వచ్చి, మా అమ్మ ఇచ్చిన చాయ్ పక్కన పెట్టి మొదలుపెట్టారు.

"మద్రాసు చదువు మంచిదే భాయ్. గని హాస్టలుకు, ఫీజుకు నీ జీతంల సగం పోతది. సరే, పోతే పోనీ అనుకుందాం. చదివి వచ్చినంక యాడ నిలబడ్తడు? మన హైకోర్టుల ఉర్దూ. కింది కోర్టుల ఉర్దూ. దస్తావేజు ఉర్దూ, జడ్జి రాసే ఫైసలా ఉర్దూ. ఇక్కడ చదివితే ఇంట్లనే తింటడు. పాస్ కాంగనే మా వకీల్ సాబ్ దగ్గర జూనియర్‌గ పెట్టిస్త. అయిదారేండ్లల్ల సొంత బోర్డు పెట్టుకుంటడు. నా మాట మీద చేర్పియ్యి."

"మీ మాట మీదనే" అన్నాడు నాయన.

నాకు మద్రాసు వెళ్లాలని ఉండేది. చదువు కోసమని చెప్తే అబద్ధం. సముద్రం చూడాలని. అది చెప్పుకునే కారణం కాదు గనుక నోరు మూసుకున్నాను. మున్షీ సాబ్ నా వైపు తిరిగి "ఏం బేటా, ఖుషేనా?" అని అడిగారు. తల ఊపాను.

తర్వాతి ఏడాది ఎట్లా గడిచిందో ఆ రోజుల్లో ఇక్కడున్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. రజాకార్ల భయం, బందులు. సగం రోజులు క్లాసులు లేవు. నేను నగరం నుంచి తిరిగి వచ్చే వేళకు మున్షీ సాబ్ కోర్టు నుంచి వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా సందు మొగదల నిలబడేవారు. నన్ను చూడగానే ఏమీ అడగకుండా లోపలికి పోయేవారు. సెప్టెంబరులో మిలిటరీ వచ్చింది. మా సందంతా మిఠాయిలు పంచుకున్నారు. మా నాయన మాత్రం ఆ రోజు పొద్దుటి నుంచి మున్షీ సాబ్ గడప మీద కూర్చుని, ఎవరు పిలిచినా లేవలేదు. మున్షీ సాబ్ తమ్ముడి కుటుంబం, ఆ వారాల్లో ముసల్మానుల ఇండ్లు తగలబడ్డ బీదరు దిక్కు ఉండేది. వాళ్ల సంగతి ఆయన మాకు ఎప్పుడూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

వకీల్ సాబ్ ఆ చలికాలమే ఇల్లు వదిలి కరాచీ వెళ్లిపోయారు. మున్షీ సాబ్‌కు బెంచీ మిగిలింది గానీ నౌకరీ పోయింది. నేను పట్టా పుచ్చుకుని, నల్లకోటు కుట్టించుకుని కోర్టుకు పోయేసరికి, నన్ను జూనియర్‌గా పెట్టుకుంటారన్న ఆఫీసుకు తాళం ఉంది. కోర్టు భాష కూడా మెల్లగా మారుతూ వచ్చింది. మొదట పెద్ద కోర్టులో ఇంగ్లీషు అన్నారు. తర్వాత కింది కోర్టుల్లో కూడా షురూ అయింది.

నాకు ఇంగ్లీషు రాక కాదు. బి.ఏ. దాకా చదివింది ఇంగ్లీషే. కానీ చట్టం నా తలలో ఉర్దూలో ఉంది. ఒక పొలం దావాలో బయటి నుంచి వచ్చిన కొత్త జడ్జి ముందు లేచి నిలబడ్డాను. నాలుగు వాక్యాలు బాగానే నడిచాయి. తర్వాత ఆయన ఏదో ప్రశ్న అడిగారు. జవాబు తెలుసు. ఉర్దూలో పూర్తిగా, వరుసగా తెలుసు. దాన్ని ఒక్కొక్క మాటగా ఇంగ్లీషులోకి తేవడానికి నేను తడుముకుంటుంటే బల్లల మీది వకీళ్లంతా నా వైపు తిరిగారు. జడ్జి మంచివాడు. "రాసి ఇవ్వండి, చూస్తాను" అన్నాడు. నా కక్షిదారు ఆ సాయంత్రమే కాగితాలు వెనక్కు తీసుకున్నాడు. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు.

మున్షీ సాబ్ ఆ రోజు వెనక బల్ల మీద ఉన్నారు. బయటికి వచ్చాక నా కోటు మోచేతి దగ్గర పట్టుకున్నారు.

"నీ జిందగీ ఖరాబ్ జేసిన్నా బేటా?"

"అదేం లేదు చాచా" అన్నాను.

అది మర్యాదకు అన్న మాట. ఇది ఆయన స్మృతిలో రాస్తున్నాను గనుక నిజం చెప్పాలి. ఆ రోజుల్లో నేను ఆయన్ను ద్వేషించాను. నాతో బి.ఏ. చదివి మద్రాసు వెళ్లినవాడు ఒకడు కారులో కోర్టుకు వచ్చేవాడు. వాణ్ణి చూసిన ప్రతిసారీ నాకు మున్షీ సాబ్ పక్కన పెట్టిన ఆ చాయ్ గ్లాసు గుర్తొచ్చేది. మా ఇంటికీ ఆయన ఇంటికీ ఒక్క గోడే అడ్డం. అయినా ఏడాది పాటు ఆయన ఎదురుపడకుండా తిరిగాను. ఆయన దగ్గు వినబడితే మా కిటికీ మూసేవాణ్ణి.

ఆ ఏడాదిలోనే ఒకరోజు ఆయన మా అమ్మ దగ్గర నా సర్టిఫికెట్లు అడిగి తీసుకుని, నాకు తెలియకుండా మద్రాసు వెళ్లారు. ఇంగ్లీషు ముక్క రాని మనిషి, అరవం రాని మనిషి, ఆ ఊళ్లో లా కాలేజీ ఎట్లా వెతుక్కున్నారో, ఎవరితో ఏ భాషలో మాట్లాడారో తెలియదు. ఆరో రోజు వచ్చి సర్టిఫికెట్ల కవరు నా ముందు పెట్టారు. మనిషి బాగా నల్లబడ్డారు.

"మల్ల మొదటి నుంచి చదవాలె అన్నరు బేటా. రెండేండ్లు. సీటు ఇస్తమన్నరు. ఖర్చు ఫికర్ నువ్వు పెట్టుకోకు, అది నేను జూసుకుంటా."

ఆయన ఎట్లా చూసుకుంటారు? ఆ ఇల్లు తప్ప ఆయనకు ఏముంది? పైగా అప్పటికే మా నాయనకు పక్షవాతం వచ్చి మంచంలో ఉన్నాడు. నేను వెళ్లగలిగే స్థితి కాదు. ఆ మాటే చెప్పి ఉండొచ్చు. అది చెప్పకుండా, "మీ మాట విని ఒకసారి చదివిన. చాలు" అన్నాను.

ఆయన "సరే బేటా" అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఆయన ఎవరికీ సలహా చెప్పలేదు. పదహారేళ్ల పిల్ల పెండ్లి గురించి అడిగినా, పొలం అమ్మాల్నా వద్దా అని అడిగినా, "నాకు తెల్వదు, ఇంకెవల్నన్న అడుగుండ్రి" అనేవారు. కోర్టు బయట చెట్టు కింద కూర్చుని అర్జీలు రాసేవారు. పక్కన టైపు మిషన్లు వచ్చాయి. అర్జీలన్నీ ఇంగ్లీషులోకి పోయాయి. ఇక ఆయన దగ్గరికి వచ్చేది పాత దస్తావేజులు చదివించుకునే పల్లె జనం మాత్రమే.

నాకు ప్రభుత్వ ఆఫీసులో పాత ఉర్దూ ఫైళ్లను ఇంగ్లీషులోకి మార్చే పని దొరికింది. టెంపరరీ నౌకరీ. ఫైళ్లు అయిపోతే అదీ అయిపోతుంది. వాటిలో సగం ఫైళ్లు షికస్తాలో ఉంటాయి. అక్షరాలను విరిచి, కలిపి, చుక్కలు వదిలేసి గబగబా రాసే పాతకాలపు రాత అది. ఆఫీసులో ఎవరికీ అంతుబట్టలేదు. వారం రోజులు తంటాలు పడి, చివరికి కాగితాలు చంకలో పెట్టుకుని ఆయన తలుపు కొట్టాను. ఆయన భార్య, మా చాచీ, తలుపు తీసి నన్ను చూసి పక్కకు జరిగింది. మున్షీ సాబ్ కళ్లద్దాలు తుడుచుకుని "ఇటు తే" అన్నారు. అంతే. ఏడాది దూరం గురించి గానీ, నేనన్న మాట గురించి గానీ ఒక్క ముక్క లేదు.

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం ఆయన చదివేవారు, నేను రాసుకునేవాణ్ణి. నేను తిన్న అన్నం ఆయన కళ్ల పుణ్యమే. ఆయన పైసా తీసుకోలేదు. చాచీ కోసమని బియ్యం పంపితే మా అమ్మకే తిప్పి పంపారు.

మొన్న నవంబరులో మన రాష్ట్రం పేరే పోయి కొత్త రాష్ట్రం వచ్చింది. గుంటూరు నుంచి హైకోర్టు వకీళ్లు దిగారు. ఇంగ్లీషు వాళ్ల నాలుక మీద నీళ్లలా ఉంటుంది. పేరుకు దాచుకున్న నల్లకోటును ఆ వారమే నేను ఒక జూనియరుకు ఇచ్చేశాను. అదే రోజుల్లో మా చెల్లెలు లా చదువుతానని, ఎక్కడ చేరమంటావని నన్ను అడిగింది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఆదివారం ఆమెను మున్షీ సాబ్ దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టారు. "నన్ను అడగకు బిడ్డా. ఏ భాషల రాజ్యం నడుస్తదో నాకేం ఎరుక?"

చెల్లెలు చాచీ దగ్గరికి లోపలికి వెళ్లింది. ఇన్నేళ్లుగా చెప్పని మాట అప్పుడు చెప్పాను. "చాచా, మీరు నాకు తప్పు చెప్పలే. అప్పటి లెక్కకు అదే సరైన మాట."

"సరైన మాటనే" అన్నారాయన. "గదే నా తక్లీఫ్. తప్పు జెప్పి ఉంటే మాఫీ అడుగుదును గద."

నేను క్షమించానని చెప్తే, క్షమించడానికి అక్కడ ఏమీ లేదు. కృతజ్ఞుణ్ణని చెప్తే, దేనికి అని అడుగుతారు. ఆయన కాగితం ముందుకు లాక్కుని, ఎక్కడ ఆగామో అక్కడి నుంచి చదవడం మొదలుపెట్టారు. చెల్లెలు ఇంకా ఎక్కడా చేరలేదు.

గురువారం సాయంత్రం దఫన్ అయింది. అందరితో పాటు నేనూ మూడు పిడికిళ్ల మన్ను వేశాను.

మరునాడు పొద్దున చాచీని చూడడానికి వెళ్తే, వాకిట్లో ముగ్గురు మనుషులు కూర్చుని ఉన్నారు. మెదక్ దిక్కు నుంచి తెల్లారుజాము పాసింజరులో వచ్చారట. అందులో పెద్దాయన చేతిలో గుడ్డలో చుట్టిన దస్తావేజు. మున్షీ సాబ్ లేరని చెప్పాను. ఆయన నా ముఖం చూసి, గుడ్డ విప్పి కాగితం నా చేతికి ఇచ్చాడు. షికస్తా. మొదటి రెండు పంక్తులు చదివాను. మూడో పంక్తి దగ్గర ఆగిపోయాను. ఎంతసేపు చూసినా అది గీతలుగానే ఉంది.

"నాతోని కాదు పెద్దయ్యా. ఇది సదివేటోళ్లు ఇంక లేరు" అన్నాను.

ఆయన కాగితాన్ని పాత మడతల మీదనే జాగ్రత్తగా మడిచి గుడ్డలో చుట్టాడు. నేను లోపలికి వెళ్లి చాచీతో మాట్లాడి, మధ్యాహ్నానికి తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చాను. ఎండ వాకిట్లోకి వచ్చింది. ముగ్గురూ గోడ పక్కన సన్నటి నీడలోకి జరిగి, మూట ఒళ్లో పెట్టుకుని, ఆ మూసి ఉన్న తలుపు వైపు చూస్తూ ఇంకా కూర్చునే ఉన్నారు.