తెరచాప కింద వెలుగు

ప్రభువు ప్రేమించిన సహోదరులారా, సహోదరీలారా, మన సంఘ పత్రికకు సాక్ష్యం రాసిమ్మని పాస్టరుగారు అడిగినప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మొదటి ఆదివారం వస్తోందంటే నాకు శనివారం నుంచే గుండె దడ. గాజువాకలో మన మందిరంలో నెల నెలా మొదటి ఆదివారం ప్రభు బల్ల ఉంటుంది కదా, నీళ్లలో నిండా మునిగి బాప్తిస్మం పొందినవాళ్లకే రొట్టె, పాత్ర. మావారు సంఘ పెద్ద. కృష్ణా జిల్లా నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని రొట్టె పళ్లెం పట్టుకుని వరుస వరుసకీ ఆయనే వచ్చేవారు. నా కుడి పక్కనున్నామెకు ఇచ్చి, నన్ను దాటి, ఎడమ పక్కనున్నామెకు ఇచ్చేవారు. నేను ఒళ్లో ఉన్న పాటల పుస్తకం కేసి చూసేదాన్ని, ఆయన పళ్లెం కేసి చూసేవారు. కట్టుకున్న మనిషి చేతిలోనే రొట్టె, ఆ మనిషే నన్ను దాటి వెళ్లాలి, ఇంటికెళ్లి అన్నం వడ్డిస్తూ నేనూ ఆ మాట ఎత్తను, తింటూ ఆయనా ఎత్తరు. ఇలా పాతికేళ్ల పైమాటే గడిచింది.

విశ్వాసం లేక కాదు సహోదరులారా, ప్రభువును నమ్మిన ఇంట్లోనే పుట్టాను. నాకు నీళ్లంటే భయం. మామూలు భయం కాదు, తల మీద చెంబెడు నీళ్లు పోసుకుంటే ఊపిరి బిగుసుకుపోయేది, తడి తువ్వాలుతో జుట్టు తుడుచుకుని తలంటుకున్నాననిపించుకునేదాన్ని. పిల్లలు చిన్నప్పుడు వాళ్ల స్నానాలు కూడా మావారే చూసేవారు. భీమిలి బస్సెక్కితే సముద్రం వైపు సీటు ఖాళీగా ఉన్నా కొండ వైపు నిలబడి వెళ్లేదాన్ని. విశాఖలో పుట్టి విశాఖలో కాపురం చేస్తూ సముద్రం చూడకుండా బతకడం ఎంత కష్టమో ఊహించుకోండి.

ఇంత పిరికిది ఒకప్పుడు ఆ సముద్రం మీదే నిలబడి పరుగులు తీసిందంటే నమ్ముతారా? మా నాన్నగారు నరసాపురం వైపు నుంచి వచ్చి పోర్టులో టగ్గు మీద పనిచేసేవారు, పెద్ద ఓడల్ని లోపలికి లాక్కొచ్చే పడవ అది. నేను కాలేజీలో ఉండగా నేవీ క్యాడెట్లలో చేరిన ఆడపిల్లలకు విండ్ సర్ఫింగ్ నేర్పేవారు. పొడవాటి పలక, దాని మధ్యలో ఒక కొయ్య, కొయ్యకు తెరచాప. పలక మీద నిలబడి చాపను చేతుల్తో పట్టుకుంటే ఇక గాలే తీసుకుపోతుంది. నాకు జంట నూకరత్నం. జాలరిపేట పిల్ల, వాళ్ల నాన్న వేటకు వెళ్లే మనిషి, నడక కంటే ముందు ఈత నేర్చుకున్నానని చెప్పుకునేది. నాకు పసుపు చాప, దానికి ఎర్ర చాప. సాయంత్రం నాన్నగారు డ్యూటీ దిగి వచ్చి, "ఇవాళ నీ పసుపు చాప కనిపించిందే అమ్మడూ, ఎంత దూరం వెళ్లిపోయారే" అని మురిసిపోయేవారు. అమ్మ మాత్రం నల్లబడిపోతున్నానని సణిగేది.

ఆ చలికాలపు పొద్దులు తలుచుకుంటే ఇప్పటికీ ముక్కుకు ఆ వాసనే తగులుతుంది. తడి తాళ్లు, ఉప్పు, ఒడ్డున గంపల్లోకి ఎత్తుతున్న చేపలు, నూకరత్నం వాళ్లమ్మ కాగితంలో చుట్టి పంపిన వేడి వేడి గారెలు. డాల్ఫిన్స్ నోస్ కొండ మంచులో సగమే కనిపించేది, బయట లంగరేసిన ఓడలు మంచు మీద కూర్చున్నట్టుండేవి. మేం తప్ప ఇంకెవరూ లేరన్నట్టు సముద్రమంతా మాదే. అంత సంతోషం మళ్లీ పెళ్లినాడు కూడా లేదంటే మావారు ఏమీ అనుకోరు, ఆయనకు ముందే చెప్పాను.

కానీ చలికాలపు గాలికి నిలకడ ఉండదు. పొద్దున్న కొండల మీంచి సముద్రంలోకి వీస్తుంది, ఎండెక్కాక ఉన్నట్టుండి పడిపోతుంది, కాసేపటికి ఎదురుగా సముద్రం మీంచి మొదలవుతుంది. ఎక్కడో బంగాళాఖాతంలో వాయుగుండం ఉందంటే ఎటు నుంచి కొడుతుందో దానికే తెలియదు. అలాంటి ఒక పొద్దున్న గాలి ఒక్కసారి తెగినట్టు ఆగింది, నేను వెనక్కి పడ్డాను, చాప వచ్చి నా మీద పరుచుకుంది. తడిసిన చాప నీటికి అతుక్కుపోతుంది. అరచేత్తో పైకి ఎత్తితే కింద గాలి దొరుకుతుంది, తర్వాత ఒకే వైపు పోతే అంచు వస్తుంది. ఇది మాకు నేర్పిందే. నాకు ఆ వేళ ఒక్క ముక్క గుర్తు రాలేదు, అంతా చీకటి, అటూ ఇటూ కొట్టుకున్నాను, ఎటు పోయినా తలకు చాపే తగిలింది. నూకరత్నం వచ్చి జుట్టు పట్టుకుని లాగకపోతే ఈ సాక్ష్యం లేదు.

ప్రాణం దక్కింది గానీ ఆ చీకటి నాతోనే ఒడ్డుకొచ్చింది. మళ్లీ పలక ఎక్కలేదు. పెళ్లయ్యింది, గాజువాక వచ్చేశాం, నూకరత్నం ఎక్కడుందో కూడా తెలియలేదు.

పెళ్లయిన కొత్తలో బాప్తిస్మానికి పేరిచ్చాను. తెల్ల చీర కట్టుకుని, మందిరం వెనక సిమెంటు తొట్టిలోకి నడుం లోతు వరకు దిగాను. పాస్టరుగారు నా తల వెనక చెయ్యి వేసి వాలుస్తుండగా ఏం చేశానో నాకు తెలియదు, చూసినవాళ్లు చెప్పారు, ఆయన మెడ పట్టుకుని ఆయన్నే ముంచేశానట! పైకి లేచేసరికి ఆయన ముఖం మీద కళ్లజోడు లేదు. సంఘం పాట ఆపకుండా పాడింది, అదొక్కటే మేలు. ఆ రోజు బాప్తిస్మం పొందింది పాస్టరుగారొక్కరే అని చాలా కాలం తర్వాత మావారంటే ఇద్దరం పడీ పడీ నవ్వాం, కానీ ఆ రాత్రంతా ఏడ్చాను. దాచుకున్న పాపం ఏదో ఉండబట్టే నీళ్లు ఒప్పుకోలేదని కొందరన్నారు. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు ఇది చదువుతూ ఉంటారు, వాళ్ల మీద నాకు కోపం లేదు, కొంచెం ఉంది, దాని కోసం కూడా ప్రార్థన చేస్తున్నాను.

అప్పటి నుంచి నా ప్రార్థన ఒక్కటే. "ప్రభువా, ఈ భయం ఒక్కటి తీసెయ్యి తండ్రీ, తీసేస్తే మర్నాడే వెళ్లి మునుగుతాను." ఉపవాసాలుండి అడిగాను, కన్నీళ్లతో అడిగాను, ఊరుకున్నాడు. నా మీద ఆయనకు ఇష్టం లేదేమోనని కూడా అనుకున్నాను.

మొన్నటి చలికాలం, క్రిస్మస్ సందడి అయ్యాక, మన స్త్రీల సమాజం రుషికొండకు పిక్నిక్ వెళ్లింది. అందరూ అలల దగ్గర ఉంటే నేను సముద్రానికి వీపు పెట్టి క్యారియర్లకు కాపలా కూర్చున్నాను. ఎవరో వెనక నుంచి నా జడ పట్టుకుని లాగారు.

"ఓలే శాంతా, నువ్వేనేటే? ఏటే, సముద్రానికి ఈపెట్టి కూకున్నావ్?"

నూకరత్నం! జుట్టు నెరిసింది, ముఖం ఎండకు కమిలిపోయింది, నవ్వు మాత్రం అదే. అక్కడే వచ్చిన వాళ్లకు ప్యాడిల్ బోర్డు నేర్పుతోంది. అది కూడా పలకే, దానికి చాప ఉండదు, నిలబడి పొడుగు తెడ్డుతో తోసుకుంటూ పోవడమే. నేను నా సంగతంతా చెప్పాను, భయం, తొట్టి, పళ్లెం, అన్నీ. నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వలేదు.

"ఒక్కటడుగుతాను సెప్పు. ఆ రోజు సాప కింద నీకేటి కనపడింది?"

"ఏం కనపడుతుందే, చీకటి" అన్నాను.

"సీకటేటే? నాను సాప ఎత్తి లోపలికి దూరినాను కదా. ఎండ పైనుంచి పడి అంతా పసుపు ఎలుతురే, పెళ్లిపందిరి కింద ఉన్నట్టుంది. నువ్వే కళ్లు గట్టిగా మూసీసున్నావ్. తెరవే, తెరవే అని అరిసినాను, ఇన్లేదు నువ్వు."

సహోదరులారా, లేని చీకటిని ఇన్నేళ్లు మోశాను. నా మీద నాకే జాలేసింది.

తర్వాత ప్రతి శనివారం పొద్దున్నే నన్ను మళ్లీ పలక ఎక్కించడానికి మావారు రుషికొండ తీసుకెళ్లేవారు. ఆయన గొడుగు వేసుకుని ఇసకలో కూర్చుని పేపరు చదివేవారు, ఎప్పుడు చూసినా అదే పేజీ. నూకరత్నం పలక ఎక్కేముందు నీళ్లు కళ్లకద్దుకునేది. "నువ్వు మీ యేసుబాబుకి సెప్పుకో, నాను మా గంగమ్మకి సెప్పుకుంటాను" అనేది. మొదట పలక మీద కూర్చోవడమే, తర్వాత మోకాళ్ల మీద, కొన్ని వారాలకు వణుకుతూ నిలబడ్డాను. వయసు మీద పడ్డ నడుం, అయినా పాదాలకు పాత సంగతులన్నీ గుర్తున్నాయి. కరువులో ఏలీయా ప్రవక్తకు కాకులు రొట్టె తెచ్చినట్టు ప్రభువు నా కోసం దీన్ని పంపాడని ఒకసారి దానితోనే అంటే, "నన్ను కాకంటావేటే" అని తెడ్డుతో నీళ్లు కొట్టింది.

ఒక శనివారం సముద్రం నూనె పోసినట్టుంది. ధైర్యం చేసి అలలు దాటి లోపలికి వెళ్లాం. నేను నిలబడి తెడ్డు వేస్తున్నాను, ఎంత కాలానికి! ఇంతలో వీపుకు చల్లగా తగిలింది, కొండగాలి లేచింది. చూస్తుండగానే పలకలు లోపలికి జారుతున్నాయి, ఒడ్డున మావారి గొడుగు చిన్నదైపోయింది.

"గాలి మారతంది, మోకాళ్ల మీద కూకో. ఒడ్డు కేసి తిప్పు" అంది నూకరత్నం. దాని గొంతులో తొందర లేదు. నేను కూర్చోబోతూ తూలి పడ్డాను.

నీళ్లు తల మీద మూసుకున్నాయి. అదే చల్లదనం, అదే చెవుల్లో హోరు. పెద్ద ప్రార్థన చేయడానికి ఊపిరి లేదు, సముద్రంలో మునిగిపోతూ శిష్యుడైన పేతురు వేసిన కేకే నాదీ, "యేసయ్యా" అన్నాను లోలోపల, అంతే. అప్పుడు, కళ్లు తెరిచాను. ఎలా తెరిచానో నన్నడగకండి, అది నా బలం కాదు. చుట్టూ ఆకుపచ్చ వెలుగు, బుడగలు పైకి పోతున్నాయి, తల మీద పలక నీడ, నా కాలికి కట్టిన తాడు ఆ నీడ దాకా వెళ్తోంది. అంతా కనపడుతోంది! ఆ తాడు పట్టుకుని నా అంతట నేనే పైకి వచ్చాను.

నూకరత్నం తన పలక మీద కదలకుండా కూర్చుని ఉంది. "రాబోయినానే. నీళ్లలో నీ కళ్లు సూసి ఆగీసినాను" అంది, దాని కళ్లలోనూ నీళ్లే. ఇద్దరం పలకల మీద బోర్లా పడుకుని, చేతుల్తో తోసుకుంటూ గాలికి ఎదురు వచ్చాం. ఒక్కో అల ముఖం మీద కొడుతుంటే నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఒడ్డున చూద్దును కదా, మావారు ప్యాంటు చొక్కాతో ఛాతీ లోతు నీళ్లలో నిలబడి ఉన్నారు, చేతిలో తెరిచిన గొడుగుతో సహా.

అప్పుడర్థమైంది ప్రభువు ఎందుకు ఊరుకున్నాడో. భయం పోయాక నీళ్లలోకి దిగుతానని నేను పట్టుబట్టి కూర్చున్నాను, ఆయన నీళ్లలో నా కోసం ఎదురు చూస్తున్నాడు.

తర్వాత నెలలోనే అదే తీరాన, సంఘమంతా పాడుతుండగా బాప్తిస్మం పొందాను. పాస్టరుగారు నీళ్లలోకి దిగేముందు కళ్లజోడు తీసి జాగ్రత్తగా మావారి జేబులో పెట్టారు. నేను మునిగినప్పుడు కళ్లు తెరిచే ఉన్నాను. నూకరత్నం ఒడ్డున నిలబడి నా తువ్వాలు పట్టుకుంది.

ఇది చదువుతున్న ప్రియులారా, మీ మీద ఏ చాప పడిందో నాకు తెలియదు, ప్రభువుకు తెలుసు. ధైర్యం వచ్చాక ఆయన దగ్గరకు వెళదామని ఒడ్డునే ఉండిపోకండి, నాలాగా ఏళ్లు పోగొట్టుకోకండి. ఉన్న భయంతోనే రండి, ఆయనను ఒక్కసారి పిలిచి చూడండి.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. ఆ వచ్చిన మొదటి ఆదివారం మందిరంలో కూర్చున్నాను. మావారు ఎప్పటిలాగే తెల్ల చొక్కాలో పళ్లెం పట్టుకుని మా వరుసకు వచ్చారు. నా కుడి పక్కనామెకు ఇచ్చారు, తల వంచుకుని పళ్లెం కేసి చూస్తూ, ఇన్నేళ్ల అలవాటు కదా పాపం, నన్ను దాటి ఎడమ పక్కకు వెళ్లిపోయారు.

"ఏవండీ" అన్నాను మెల్లగా.

ఆయన ఆగారు. వెనక్కి తిరిగి నా ముఖం చూశారు. పళ్లెం రెండు చేతులా పట్టుకుని నా ముందుకు వంచారు. నేను రొట్టె తీసుకున్నాను. దేవునికే మహిమ.