రేడియేటర్లో గాలి, సాసరులో చాయ్

సాయంత్రంలోగా హైదరాబాదు ఆసుపత్రిలో అక్కయ్యను చూడాలి. వరంగల్ దాటకుండానే మా అంబాసిడర్ రెండుసార్లు ఆవిరి కక్కింది. మెకానిక్ మల్లయ్య కారును ముందుభాగం పైకుండేలా ఎత్తు మీద నిలిపి, చల్లారిన రేడియేటర్లో నీళ్లు పోసి, ఇంజను స్టార్ట్ చేయించాడు. మూత పెట్టబోతే నా చెయ్యి పట్టుకున్నాడు.

"జర ఆగు సారూ. లోపల గాలి చిక్కింది. అది పోకుంటే మల్ల మసులుతది. అందాంక చాయ్ తాగుదాం."

పక్క హోటలు నుంచి వచ్చిన చాయ్ రెండు గుక్కలు తాగి, తన కప్పులోంచి సగం సాసరులోకి వంచి నాకిచ్చాడు. మా ఇంట్లో అన్నదమ్ములం కూడా ఒకరి ఎంగిలి ఒకరం ముట్టం. సాసరు పట్టుకుని, నీళ్లలో తేలుతున్న బుడగలే చూస్తూ నిలబడ్డాను. నీళ్లు దిగినప్పుడల్లా ఆయన మళ్లీ పోశాడు. చివరికి బుడగలు ఆగాయి.

"ఇగ మూత పెట్టు సారూ."

మూత అందుకోబోతూ చూసుకున్నాను. సాసరు ఖాళీగా ఉంది.