పెద్దమ్మ దాచిన బూజు

డిగ్రీ చేతికొచ్చిన కొత్తలో లోకమంతా మనకోసమే కాచుక్కూర్చుందనుకుంటాం. ఎనభైల్లో నేనూ అంతే. వ్యవసాయ డిగ్రీ, నాలుగు నూలు చీరలు, ఎవరి మాటా వినని నోరు, ఇవీ నా ఆస్తులు. నేను తాత్కాలికంగా చేరిన పరిశోధన కేంద్రంలో మా సారుకు ఒక నమ్మకం ఉండేది. పండు తొక్క మీదే కంటికి కనబడకుండా బతికే ఒక మంచి ఈస్టును పెంచి, నీళ్ళలో కలిపి, కోసిన బత్తాయిల్ని అందులో ముంచితే నిల్వలో పచ్చబూజు పట్టదని. "విషమెందుకమ్మా, బూజుకు పోటీగా ఇంకో జీవిని దింపుదాం" అనేవారు. ఆ పని నాకప్పగించి నరసరావుపేటలో ఒక సాయిబు గారి పండ్ల గోడౌనుకు పంపారు. ఫలితం బాగుంటే నా తాత్కాలిక ఉద్యోగం ఇంకో ఏడాది నిలుస్తుంది. లేకపోతే ఇంటికెళ్ళి పెళ్ళిచూపులకు కూర్చోవడమే (మా నాన్న అప్పటికే నా ఫోటో తీయించి సిద్ధంగా ఉన్నాడు).

గోడౌనులో రెండు కుప్పలు పోయించాను. ఒకటి ఈస్టు నీళ్ళలో ముంచినవి, రెండోది ఉత్త నీళ్ళలో ముంచినవి. అక్కడ పండ్లు ఏరే పెద్దమ్మను పిలిచి, "వీటి జోలికి రావద్దు" అని నా శక్తికొద్దీ గంభీరంగా చెప్పాను. "నాకెందుకు తల్లీ" అంది. మూడు వారాల తర్వాత సారుతో కలిసి వెళ్ళేసరికి, ఈస్టు కుప్పలో ఒక్క పండుకీ బూజు లేదు! నేను గాల్లో తేలిపోయాను. సారు మాత్రం రెండో కుప్ప చూసి కళ్ళజోడు తుడుచుకున్నారు. అందులోనూ లేదు. "ఉత్త నీళ్ళకే బూజు పోతే ఇక నువ్వెందుకమ్మా, నేనెందుకు?" అన్నారు మెల్లగా. పెళ్ళిచూపులకు కట్టుకోబోయే చీర రంగుతో సహా నా కళ్ళ ముందు కనబడింది.

నేను ఏడుపు మొహం పెట్టేసరికి పెద్దమ్మ ఆగలేకపోయింది. "ఏందమ్మాయ్, ఏడుస్తావేంది? ఒక్క కుళ్ళు పండన్నా కనబడనిచ్చానా? రోజూ పొద్దున్నే ఏరేశా గదా!"

"జోలికి రావద్దన్నాను కదా పెద్దమ్మా!" అని అరిచాను.

"మంచి పండ్ల జోలికొచ్చానా? ఒక్కటి కుళ్ళితే కుప్పంతా పోద్ది. చూస్తా చూస్తా ఎట్టా ఊరుకునేది? నీ ఉద్యోగం నిలవాలని చర్చిలో ప్రార్థన గూడా చేశా." పక్కనే నిలబడ్డ సాయిబు గారు పడీపడీ నవ్వారు. "కుప్ప తగ్గినప్పుడల్లా సాయిబు గారి మంచి పండ్లు తెచ్చి పోశా" అని కూడా చెప్పింది. ఆయన నవ్వు అక్కడితో ఆగింది.

"ఏరినవి పారేశావా?" అని సారు అడిగారు. పెద్దమ్మ సిగ్గుపడుతూ గోనెపట్టా కింద నుంచి చిన్న డబ్బా లాగింది. "మీ మందు కుప్పలోవి ఇయ్యి. మీ కంటబడితే అమ్మాయిని తిడతారని దాచా. ఆ రెండో కుప్పలోవి గోడవతల గంపల్లో ఉన్నాయి. మేకకేస్తే అది గూడా వాసన చూసి మొహం తిప్పుకుంది." డబ్బా అడుగున నాలుగంటే నాలుగు పండ్లు. గోడవతల రెండు గంపల నిండా పచ్చటి బూజు! బూజును చూసి నేను అంత సంబరపడటం అదే మొదలు, అదే చివర. పెద్దమ్మను వాటేసుకుని గిరగిరా తిప్పేశాను. సారు అన్నీ రాసుకుని, "మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాలమ్మా. ఇంకో ఏడాది ఉండు. ఈసారి ఆవిడకు సెలవిప్పించు" అన్నారు.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా తప్పులు ఏరి నలుగురికీ చూపించినవాళ్ళే గానీ, నా మీద ప్రేమతో వాటిని గోనెపట్టా కింద దాచింది ఆవిడొక్కతే. ఆ రోజు అరిచినందుకు క్షమించమని అడిగానో లేదో గుర్తులేదు. గిరగిరా తిప్పింది మాత్రం గుర్తుంది.