ఆంటీకి కూడా ఒక డ్రైవు

ఆ రోజుల్లో అశోక్ నగర్ హాస్టల్లో ఉన్న మా ముగ్గురికీ సర్కారు కొలువు తప్ప వేరే ధ్యాస లేదని ఇళ్లల్లో గట్టిగా నమ్మేవారు. నిజానికి మా ధ్యాసంతా ముగ్గురం కలిసి కొన్న పాత కంప్యూటర్ మీదే. పాలమూరక్క అందులో పాటలు నింపేది. ‘కరెంట్ అఫైర్స్’ (అసలు పేరు ఆమెకే గుర్తుండేది కాదు) రోజూ నెట్‌లోంచి పేపర్లు దించేది. నేను ఎప్పటికీ చూడని వీడియో పాఠాలు దాచేదాన్ని. ఒకరోజు డిస్కు నిండిపోయింది. ఎవరిది తీసెయ్యాలన్న దగ్గర మొదలైన తగువు మాటలు బందయ్యేదాకా వెళ్లింది.

నారాయణగూడలో కంప్యూటర్ కోర్సు చేసిన పండితురాలిని కదా, నేనే తీర్పు చెప్పాను. “తలా కొంత చెరిపేద్దాం. తర్వాత డిస్కును ముక్కలుగా పార్టిషన్ చేసి ఎవరి డ్రైవు వాళ్లకిస్త.”

“నాకు ‘డీ’ డ్రైవు కావాలె. ‘ఈ’ అంటే ఆఖరుది, చిన్నగుంటది,” అంది పాలమూరక్క.

“అన్నీ సమానమే అక్కా!”

“గట్లయితే ఆ ‘ఈ’ డ్రైవు నువ్వే తీస్కో!” అంటూ గొంతు పెంచింది. “పార్టిషన్ అయితేనే నేనీ రూంల ఉంట!”

ఆ మాట కింద వంటింట్లోకి వినబడింది. హాస్టల్ ఆంటీ గరిటెతోనే పైకొచ్చేసింది.

“ఏంది? నా రూంల పార్టిషన్ కడ్తరా? ఒక్క మేకు కొట్టిండ్రంటే ముగ్గురూ సామాను సర్దుకోండ్రి!”

పరీక్ష దగ్గరపడింది. ఇప్పుడు గది ఎక్కడ దొరుకుతుంది? “గోడ కాదాంటీ, దీని లోపల...” అంటూ తెరమీద గళ్లు చూపించాను. ఆంటీ కళ్లద్దాలు సవరించుకుని, ఇంకా ఎవరికీ పంచని ముక్క మీద గరిటె ఆనించింది.

“గీ జాగ ఉత్తగనే ఉందిగా? ఇల్లు నాది, కరెంటు నాది, నాకు లేదా? మా బిడ్డ పెండ్లి వీడియో ఫోన్ల పడ్తలేదు.”

అలా నాలుగో డ్రైవు పుట్టింది. ఇక రోజూ మధ్యాహ్నం ఆంటీ మిరపకాయ బజ్జీలతో వచ్చి పెళ్లి పెట్టించుకునేది. బజ్జీలు నములుతూ అలక సాగించడం ఎవరి తరం? తలంబ్రాల దగ్గరే ముగ్గురం పకపకా నవ్వేశాం. పరీక్ష నాటికి రాజ్యాంగం కన్నా ఆ పెళ్లి చుట్టాలే మాకు బాగా కంఠతా వచ్చారు. (ఫలితాలూ అలాగే వచ్చాయి.)

మొన్న చిక్కడపల్లిలో కూరలు కొంటుంటే బాగా తెలిసిన పెద్దాయన ఎదురయ్యారు. “బాగున్నారా బాబాయ్?” అని ఆప్యాయంగా పలకరించాను. ఆయన తెల్లబోయి, మర్యాదకి తలూపి వెళ్లిపోయారు. అప్పుడు వెలిగింది. ఆంటీ బిడ్డ పెళ్లి వీడియోలో బారాత్ ముందు తలపాగా ఊడేలా చిందేసింది ఆయనే! జుట్టు పూర్తిగా నెరిసింది, పాపం. వెనక్కి పిలిచి ఏమని చెప్పను? వంకాయలు సంచిలో వేసుకుని, ఒక్కదాన్నే నవ్వుకుంటూ ఇంటికొచ్చాను.