జుబ్బా మీది గోదావరి

మూడు జాబులు రాశాను. మూడింటికీ పోస్టాఫీసు రసీదులున్నాయి. హైదరాబాద్‌లోని మా పెద్ద దఫ్తర్ నుంచి జవాబు మాత్రం ఒక్కటీ రాలేదు కాబట్టి, సంగతి మీకే చెప్పుకుంటున్నాను. డెబ్బైల్లో నేను కరీంనగర్‌లో భూముల కొలతల దఫ్తర్‌లో నక్షాలు గీసే కొలువులో కొత్తగా చేరాను. అప్పట్లో నక్షాలను గంజి దట్టంగా పట్టించిన పల్చటి బట్ట మీద గీసేవాళ్లం. పాడైన వాటిని ఇంట్లో ఉడకబెడితే గంజీ, సిరా వదిలిపోయి, మెత్తటి తెల్లబట్ట మిగిలేది. దఫ్తర్‌లో అందరి పిల్లలకూ ఆ జుబ్బాలే. (మా ఇంట్లోనూ అంతే, అబద్ధమెందుకు. అవ్వకు, అంటే మా అమ్మకు, ఆ కిటుకు చెప్పింది నేనే.)

ఒకరోజు బీరువా వెనకాల ఒక పాత నక్షా దొరికింది. ఉర్దూ అక్షరాలు, నీలి గోదావరి. కానీ దక్షిణాన ఉండాల్సిన కరీంనగర్ నదికి పైన ఉంది, ఉత్తరాన ఉండాల్సిన లక్సెట్టిపేట కింద ఉంది! అక్షరాలు చూస్తే నిటారుగానే ఉన్నాయి. పెద్దసారు ఒక్కసారి చూసి, "ఎవడో తాగి గీసిండు. రద్దీల పారెయ్" అన్నాడు. నేను ఊరుకునే రకం కాదు. లైబ్రరీలో వెతికితే, పూర్వం అరబ్బు దేశాల్లో నక్షాలకు దక్షిణాన్నే పైన పెట్టేవారని తెలిసింది. ఆ పద్ధతి మా గోదావరి దాకా వచ్చిందంటే, ఇది ఎంత పాత నక్షాకు నకలో! ఆ రాత్రే మొదటి జాబు రాశాను. నెలలు గడిచినా జవాబు లేదు. ఇంతలో దఫ్తర్‌లో రద్దీ, అంటే చిత్తు సామాను, అమ్మే రోజు రావడంతో, నక్షాను చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చి, ఎవరికీ చెప్పకుండా సందుకలో దాచి, మర్నాడు పని మీద ఆదిలాబాద్ వెళ్లాను.

పది రోజులకు తిరిగొస్తే, పుట్టింట్లో ఉన్న మా అక్క ఒళ్లో పిల్లాడు కొత్త జుబ్బాలో కాళ్లాడిస్తున్నాడు. భుజం నుంచి నడుం దాకా వెలిసిన నీలి గీత.

"అవ్వా! గిది నక్షా!"

"నక్షానే గద బిడ్డా. ఎప్పుడు తెచ్చినా ఉడకబెడ్తలేనా? గీసారి నీలం మొండిది. మూడుసార్లు ఉడకబెట్టినా పోలే."

"ఎందుకు పరేషాన్ అయితవ్‌ర తమ్మీ, మంచిగనే ఉన్నది" అంటుండగానే అక్క ఒళ్లు తడిసింది. "సూడు, నీ గోదారికి నీళ్లు గూడ వచ్చినయ్!"

మూడు రోజులు అవ్వతో మాట్లాడలేదు. ఆమె గమనించనే లేదు. అది మరో అవమానం.

ఆ పిల్లాడికిప్పుడు మీసాలొచ్చాయి. అవ్వ లేదు. జుబ్బా నా దగ్గరే ఉంది. ఆమె చేతి కుట్టు ఒక్కటీ ఊడలేదు. అప్పుడప్పుడు తీసి, ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి చూస్తూ నవ్వుకుంటాను. ఏది పైనో ఇప్పటికీ తెలియదు; అవ్వ ఆ బట్టను ఎటు పెట్టి కత్తిరించిందో అప్పుడు అడగలేదు. తర్వాతి రెండు జాబుల్లో అడిగింది అదే: ఈ జుబ్బాకు దక్షిణం మెడవైపా, అంచువైపా? పెద్ద దఫ్తర్‌లో ఇప్పుడెవరున్నా సరే, ఒక్క ముక్క జవాబు రాయండి.